గాలిని తూచే తీగ

మనిషి బియ్యాన్ని తూస్తాడు, బెల్లాన్ని తూస్తాడు, బంగారాన్ని గురిగింజల లెక్కన తూస్తాడు. పుట్టగానే అన్నిటికంటె ముందుగా తీసుకొని, పోయేటప్పుడు అన్నిటికంటె చివరగా విడిచిపెట్టే గాలిని మాత్రం తూచాలని అతనికి తోచదు. బరువు లేనివాటికన్నిటికీ గాలి పేరే పెట్టుకొన్నాము. గాలి మాటలంటాము, గాలి కబుర్లంటాము. గాలికి బరువున్నదని పాఠశాలలో చదివాము, పరీక్షలో వ్రాశాము, మార్కులు కూడా తెచ్చుకొన్నాము. ఆ విషయం నిజంగా తెలిసివచ్చినది మాత్రం 2024 సంక్రాంతి సెలవుల్లో, మా స్వస్థలమైన రాంబిల్లిలో, ఒక పాత కారు బానెట్ క్రింద. దానితోపాటు మరొక సంగతి కూడా తెలిసివచ్చింది. అది మాకు గర్వకారణం కాదు. అయినా ఈ వ్యాసం వ్రాయడానికి పూనుకొన్నది దానికోసమే.

మేమంటే మేమిద్దరం అన్నదమ్ములం. ఇద్దరమూ ఈ కళాశాలలోనే భౌతికశాస్త్రం చదువుతున్నాము. ఒకరిది చివరి సంవత్సరం, మరొకరిది మొదటి సంవత్సరం. ఈ వ్యాసంలో ఏ పని ఎవరు చేశారో విడదీసి చెప్పదలచుకోలేదు. తప్పులో వాటాలు వేసుకోవడం మొదలుపెడితే ఎవరి వాటాకూ ఏమీ మిగలకుండా పోతుంది. అందువల్ల చేసినదంతా మేమే చేశాము.

రాంబిల్లి బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న మండల కేంద్రం. శారదానది కొండల నుండి దిగివచ్చి ఈ మండలంలోనే సముద్రంలో కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4వ తేదీ వరకు మేము విశాఖపట్నం జిల్లావాసులం. ఆనాటి నుండి అనకాపల్లి జిల్లావాసులమైనాము. వరి, చెరకు, సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఉప్పుగాలి ఈ ప్రాంతపు పాత ఆస్తులు. అచ్యుతాపురం, రాంబిల్లి మండలాలలో వెలసిన ప్రత్యేక ఆర్థిక మండలి, తీరాన నిర్మాణం చేపట్టిన నౌకాదళ స్థావరం క్రొత్తగా వచ్చి చేరిన ఆస్తులు. ఒకప్పుడు బెల్లం దిమ్మలతో అనకాపల్లి బజారుకు బండ్లు సాగిన త్రోవలమీద నేడు కంపెనీ బస్సులు, సిమెంటు లారీలు రాత్రింబగళ్ళు తిరుగుతున్నాయి. అవి లేపే ఎర్రదుమ్ము ఈ కథలో ఒక పాత్ర. ఉప్పుగాలి రెండవ పాత్ర. మూడవ పాత్ర ఒక ఎలుక.

మా పెదనాన్నగారి కుమారుడు సరకు ఓడలలో పనిచేస్తాడు. సంవత్సరంలో ఎక్కువ నెలలు సముద్రంమీదనే గడుపుతాడు. చిన్ననాటి నుండి అన్నయ్యకు ఒకే ఒక విలాసపు కోరిక ఉండేది. గోడకు అంటించుకొన్న బొమ్మలోని కారు వంటిది ఎప్పటికైనా కొనాలన్నదే ఆ కోరిక. తొమ్మిదేళ్ళు ఓడలలో పనిచేసి, చెల్లెలి పెండ్లి చేసి, ఇంటికి శ్లాబు వేయించి, ఆ తరువాత మిగిలిన సొమ్ముతో హైదరాబాదులో ఒకరు వాడి విడిచిన కారు కొన్నాడు. జపానులో తయారైన రెండు తలుపుల స్పోర్ట్స్ కారది. దాని వయస్సు అప్పటికే మాలో చిన్నవాడి వయస్సుకు దగ్గరగా ఉన్నది. నేలకు జానెడెత్తున పాకినట్లు సాగిపోయే ఆ కారును చూసి మా మామ్మ, "ఈ కప్పలాటి దానికి అంత సొమ్మేటిరా నాయనా, నలుగురు కూకోడానికైనా నేదు" అని నిట్టూర్చింది. అన్నయ్య నవ్వి ఊరుకొన్నాడు.

ఓడ ఎక్కబోయే ముందు తాళం చెవి మా చేతిలో పెట్టి, వారానికొకసారి ఇంజన్ నడిపించమని, కావలసివస్తే యలమంచిలి దాకా తీసుకువెళ్ళి రమ్మని చెప్పాడు. "ఏదైనా తేడా వస్తే నాకు చెప్పండి, మీరు చెయ్యి పెట్టకండి" అన్న మాట కూడా చెప్పాడు. మేము తల ఊపాము. కారు నిలువ నీడగా మా పాత గానుగ పాక కుదిరింది. చెరకు ఆడడం మానేసి ఎన్నో ఏండ్లయిన ఆ పాకలో బెల్లపు వాసన ఇంకా మిగిలే ఉన్నది. ఆ వాసనకు మరిగిన ఎలుకలు కూడా మిగిలే ఉన్నాయని మాకు అప్పటికి తెలియదు.

భోగి ముందురోజు పండుగ సరుకులకని యలమంచిలి బయలుదేరాము. ఇంజన్ స్టార్టయింది గాని, నిలిచి ఉన్నప్పుడు దాని శబ్దం ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఆయాసపడే మనిషి ఊపిరిలా వినిపించింది. యాక్సిలరేటర్ నొక్కితే ముందుకు దూకవలసిన బండి ఒక క్షణం తటపటాయించి, దగ్గి, ఆ తరువాత కదిలింది. అచ్యుతాపురం వైపు నుండి వచ్చే బస్సుకు దారి ఇవ్వడానికి వేగం తగ్గించగానే నడిరోడ్డుమీద ఆగిపోయింది. ముందున్న పలకమీద ఇంజన్ బొమ్మ గల పసుపు దీపం వెలిగింది. త్రోవన పోయేవారు తలా ఒక వైద్యం చెప్పారు. పెట్రోలులో కల్తీ ఉన్నదన్నారు కొందరు. ప్లగ్గులు పోయాయన్నారు మరికొందరు. ఇంత క్రిందుగా ఉన్న బండికి దిష్టి తగలక ఏమవుతుందని ఒక పెద్దావిడ అన్నది. మేము కల్తీ పెట్రోలు పక్షాన నిలిచాము. నేరం ఎదుటివారిమీద మోపే సిద్ధాంతం ఎప్పుడూ సులభంగా నచ్చుతుంది.

యలమంచిలిలో రహదారి ప్రక్కన రేకుల షెడ్డులో పనిచేసే ఒక వృద్ధ మేస్త్రీ ఉన్నారు. ఊరంతా ఆయనను చాచా అనే పిలుస్తుంది. అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు రోడ్లనేలిన కాలంలో పని నేర్చుకొన్న మనిషి. ఆ కార్లలో గాలినీ పెట్రోలునూ కలిపేది కార్బ్యురేటర్. దాని మరను చెవితో విని అరపూట త్రిప్పి సరిచేసేవారట. కాలం మారినా ఆయన వెనుకబడలేదు. కుమారుడు కొని ఇచ్చిన స్కానర్‌ను శుభ్రమైన గుడ్డలో చుట్టి దాచుకొంటారు. మా కారుకు దానిని తగిలించి చూస్తే రెండు సంకేతాలు కనిపించాయి. ఒకటి పి0171, అంటే మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని. రెండవది పి0101, అంటే గాలిని కొలిచే సాధనం చెప్పే లెక్క పొసగడం లేదని.

"హవా హిసాబు తప్పింది, బేటా" అన్నారు చాచా. మా కళాశాలలో ఉర్దూ విభాగపు మిత్రులతో కలిసి తిరిగినందువల్ల ఆ మాట మాకు తెలిసినదే. గాలి లెక్క తప్పినదని అర్థం.

ఇక్కడ ఆ లెక్క ఏమిటో పాఠకులకు కొంత వివరించడం అవసరం. పెట్రోలు తనంత తాను మండదు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కొంచెం తక్కువగా ఉంటుంది గనుక దానికి దాదాపు 11 కిలోల గాలి కావలసివస్తుంది. 11 కిలోల గాలి అంటే సుమారు 9,000 లీటర్లు, ఒక చిన్న నీళ్ళ ట్యాంకరుకు సరిపడేంత. మనం బంకులో ఒక లీటరు పోయించుకొని డబ్బిస్తాము. తక్కిన తొమ్మిది వేల లీటర్లను ఇంజన్ త్రోవ పొడుగునా ఉచితంగా పీల్చుకొంటుంది.

ఆ గాలిని లీటర్లలో కొలిస్తే ప్రయోజనం లేదు. గ్రాములలో తూచాలి. డిసెంబరు ఉదయాన 20 డిగ్రీల చలిలో ఉన్న గాలికంటె మే నెల మధ్యాహ్నాన 40 డిగ్రీల ఎండలో ఉన్న గాలి, ఒకే పరిమాణంలో ఆరు శాతానికి పైగా తేలికగా ఉంటుంది. సముద్రమట్టాన ఉన్న మా రాంబిల్లి గాలితో పోలిస్తే దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న అరకులోయ గాలి సుమారు ఎనిమిది శాతం పలుచన. పాత కార్బ్యురేటర్‌కు ఈ భేదాలు అంతగా తెలియవు. అందుకే ఘాట్ రోడ్డు ఎక్కేసరికి పాత బండ్లు నల్లని పొగ చిమ్మేవి. 1970లలో రెక్క తలుపు వంటి అమరికతో గాలి ప్రవాహాన్ని కొలిచే పద్ధతి కార్లలోకి వచ్చింది. 1980ల ఆరంభానికి వేడి తీగతో గాలిని గ్రాములలో తూచే పద్ధతి వచ్చింది. ఈ సాధనానికే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ అని పేరు. ఎయిర్ ఫిల్టర్ పెట్టెకూ ఇంజన్‌కూ మధ్యనున్న గొట్టంలో, అగ్గిపెట్టె కంటె కొద్దిగా పెద్దదైన నల్లని ముక్కగా అది అమరి ఉంటుంది.

చాచా ఫిల్టర్ పెట్టె విప్పారు. లోపల వరిపొట్టు, కొబ్బరి పీచు, ఫిల్టర్ మూలన చక్కగా కొరికిన ఒక రంధ్రం దర్శనమిచ్చాయి. ఆ రంధ్రంలోనుండి మా రోడ్ల ఎర్రదుమ్ము, సముద్రపు తేమ యథేచ్ఛగా లోపలికి పోయి తీగమీద పూతలా పేరుకొన్నాయి. పూత పట్టిన తీగకు తన ప్రక్కనుండి పోయే గాలి చల్లదనం సరిగా అందదు. వచ్చిన గాలి కంటె తక్కువ వచ్చిందని అది ఇంజన్ మెదడుకు చెబుతుంది. మెదడు ఆ మాట నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది. అందుకే దగ్గు, అందుకే ఆయాసం. మేము అనుమానించిన పెట్రోలు బంకులో ఏ దోషమూ లేదు.

చాచా రెండు మరలు విప్పి సెన్సర్‌ను బయటకు తీసి, వెలుతురుకు పట్టి చూసి, ముట్టుకోకుండానే తిరిగి అమర్చారు. "దీనికని వేరే స్ప్రే ఉంటుంది. వైజాగ్ నుంచి తెప్పిస్తాను. రెండు రోజులు ఓపిక పట్టండి. అందాకా దీని జోలికి పోకండి. లోపలి తీగ వెంట్రుక కంటె సన్నం" అన్నారు. క్రొత్త ఫిల్టర్ ఖరీదు మాత్రం తీసుకొన్నారు.

రెండు రోజులు! కనుమ మరునాడు మిత్రులతో విశాఖపట్నం సముద్రతీరానికి ఆ కారులో పోవాలని మేము అప్పటికే నలుగురికీ చెప్పి ఉన్నాము. నడుచుకొంటూ పోయినా సముద్రం వచ్చే ఊరివారం, సముద్రాన్ని చూడడానికి విశాఖపట్నం పోవాలనుకోవడంలోనే మా ఉద్దేశం తేటపడుతుంది. మేము చూడదలచినది సముద్రాన్ని కాదు, మమ్మల్ని చూసేవారిని. కనుమ నాటి రాత్రి పాకలో సెల్‌ఫోను వెలుతురులో ఆ రెండు మరలూ విప్పాము. చెవి పుల్లకున్న దూదిని రంగులు కలిపే థిన్నర్‌లో ముంచి లోపలి భాగాన్ని తుడిచాము. దూదికి ఎర్రని మురికి అంటింది. తీగ మెరిసింది. మేస్త్రీలు రెండు రోజులు చేసే పనిని పది నిమిషాలలో ముగించామని ఒకరినొకరం అభినందించుకొన్నాము.

తెల్లవారి కారు స్టార్టయింది గాని అందులో ప్రాణం లేదు. ఎంత నొక్కినా ఒక హద్దు దాటి వేగం అందుకోలేదు. పసుపు దీపం ఆరలేదు. విహారయాత్ర ఊరి పొలిమేరలోనే ముగిసింది. మిత్రులు బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. వారిముందు చిన్నబోయిన ముఖాలతో మేము ఏమి చేశామో చెప్పడానికి ఈనాటికీ కలం వెనుకాడుతున్నది. కారును మెల్లగా నడుపుకొంటూ చాచా షెడ్డుకు వెళ్ళి, అక్కడ నలుగురైదుగురు బేరగాండ్రు ఉండగా, మా అసలు సెన్సర్ తీసుకొని పాతది బిగించి పంపారని గొంతెత్తి అన్నాము. మొన్న విప్పినది మీరే కదా, మరి ఎవరు మార్చి ఉంటారని కూడా అడిగాము. ఆ మాట అంటున్నంతసేపూ అది నిజమేనని మాకే అనిపించసాగింది. అబద్ధానికి గల శక్తి అటువంటిది. దాని మొదటి శ్రోత దానిని చెప్పేవాడే.

చాచా వాదించలేదు. స్కానర్ తగిలించారు. ఈసారి పి0102, అంటే సెన్సర్ నుండి వచ్చే సంకేతం మరీ తక్కువగా ఉన్నదని. సెన్సర్ విప్పి, ప్రక్కనున్న గడియారాల దుకాణం నుండి కంటికి పెట్టుకొనే భూతద్దం అరువు తెచ్చి, చాలాసేపు చూశారు. ఆ తరువాత దానిని కాగితంలో చుట్టి, అందరూ వినేటట్లు, "తీగ తెగిపోయింది. పాత సామాను కదా, ఏదో ఒకనాటికి తెగేదే" అన్నారు. బేరగాండ్రు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మాకు టీ తెప్పించారు. అప్పుడు భూతద్దం మా చేతికిచ్చి చూడమన్నారు. తెగిన తీగ కొసను అంటిపెట్టుకొని ఒక తెల్లని దూదిపోగు ఊగుతున్నది.

"ఈ షెడ్డులో దూది లేదు, బేటా" అన్నారు ఆయన. అంతకుమించి ఒక్క మాట లేదు.

అప్పుడైనా మేము క్షమాపణ చెప్పి ఉండవలసినది. చెప్పలేదు. టీ గ్లాసులు క్రింద పెట్టి, సెన్సర్ జేబులో వేసుకొని వచ్చేశాము. ఆయన మా పరువు కాపాడారు. మేము ఆయన పరువును బేరగాండ్ర నోళ్ళలో వదిలి వచ్చాము.

తదనంతరం జరిగినది మరొక తెలివితక్కువ పని. అసలు కంపెనీ సెన్సర్ బెంగుళూరు నుండి రావాలంటే పదకొండు వేల రూపాయలు. అటువంటిదేనని చెప్పి రెండు వేల రెండువందలకు దొరికే నకలును ఇంటికి తెప్పించి మేమే బిగించాము. పైకి చూస్తే రెంటికీ భేదం లేదు. కారు కదిలింది, పసుపు దీపం ఆరింది. కాని ఆయాసం పోలేదు. ఒక మిత్రుని వద్ద స్కానర్ అడిగి తెచ్చి చూస్తే, నిలిచి ఉన్న ఇంజన్‌కు సెకనుకు 2.8 గ్రాముల చొప్పున చూపవలసిన గాలి లెక్కను 1.9గా చూపుతున్నది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ ఆ తప్పు కనిపెట్టి పెట్రోలు పెంచమని మెదడుకు చెబుతూనే ఉన్నది. ఒకరు చెప్పే అబద్ధాన్ని మరొకరు రాత్రింబగళ్ళు సరిదిద్దుతూ ఉంటే సంసారం ఎలా సాగుతుందో ఆ ఇంజన్ అలా సాగింది.

సెలవులు ముగిసి కళాశాలకు తిరిగివచ్చాము. ఆ వారం మొదటి సంవత్సరం వారికి ప్రయోగశాలలో మీటరు బ్రిడ్జి. బల్లమీద బిగించిన ఒక మీటరు పొడవు తీగ, తెలిసిన నిరోధం ఒక ప్రక్క, తెలియని నిరోధం మరొక ప్రక్క. గాల్వనామీటరు ముల్లు సున్నావద్ద నిలిచేదాకా జాకీని జరుపుతూ పోవాలి. 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ కనిపెట్టి, 1843లో చార్లెస్ వీట్‌స్టన్ లోకానికి తెలియజేసిన సూత్రం ఇది. మేము జేబులోని తెగిన సెన్సర్ తీసి మా అధ్యాపకులకు చూపించాము. ఎలా తెగినదో మాత్రం చెప్పలేదు. ఆయన దానిని చూసి, "ఇది కూడా వీట్‌స్టన్ బ్రిడ్జియే కదా!" అని నల్లబల్లమీద బొమ్మ గీసి వివరించారు.

సన్నని ప్లాటినం తీగను విద్యుత్తుతో వేడిచేసి, లోనికి వచ్చే గాలికంటె ఒక నిర్ణీతమైన హెచ్చు ఉష్ణోగ్రతలో నిలుపుతారు. గాలి వీచినప్పుడు తీగ చల్లబడుతుంది. చల్లబడితే దాని నిరోధం తగ్గుతుంది, బ్రిడ్జి సమతౌల్యం తప్పుతుంది. వెంటనే విద్యుత్తు పెరిగి తీగను మళ్ళీ ఆ వేడికి తెస్తుంది. ఎంత గాలి పోతే అంత చల్లదనం. ఎంత చల్లదనమైతే అంత విద్యుత్తు. ఆ విద్యుత్తును చదివితే గాలి బరువు తెలిసిపోతుంది. ప్రక్కనున్న రెండవ నిరోధం గాలి ఉష్ణోగ్రతను గమనిస్తూ, ఎండనూ చలినీ లెక్కలోకి తీసుకొంటుంది. గాలి వేగానికీ, తీగ కోల్పోయే వేడికీ గల సంబంధాన్ని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్. వి. కింగ్ అనే శాస్త్రజ్ఞుడు 1914లోనే సూత్రీకరించాడు. ఇదంతా ఒక సెకనులో ఎన్నోమార్లు జరుగుతుంది.

వివరించడం పూర్తిచేసి అధ్యాపకులు, "ఇంత నాజూకు వస్తువును ఎవరు పాడుచేశారు?" అని యథాలాపంగా అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. ఒక మెకానిక్ పాడుచేశాడు అనబోయి, ఆ మాట నోటివరకు వచ్చి ఆగిపోయింది. ఎదుట బల్లమీద గాల్వనామీటరు ముల్లు సున్నాకు రాకుండా ఒక ప్రక్కకే ఒరిగి ఉన్నది. "మేమే, సార్" అన్నాము. ఆ రెండు మాటలు చెప్పడానికి మాకు మూడు వారాలు పట్టింది.

ఆ శనివారమే యలమంచిలి వెళ్ళాము. షెడ్డుకు పోయే ముందు గడియారాల దుకాణంవద్ద ఆగాము. అక్కడ తెలిసిన సంగతి మమ్మల్ని నిలువునా క్రుంగదీసింది. ప్రత్యేక ఆర్థిక మండలికి పనివారిని చేరవేసే జీపులు నడుపుకొనే ఒకాయన ఆనాడు మా కేకలు విన్నాడు. మూడు బండ్లనూ చాచావద్దకు తేవడం మానివేశాడు. చాచా సామాన్లు మారుస్తారన్న మాట అతని నోట మరి ఇద్దరికి ప్రాకింది. దూదిపోగంత తేలికైన మా మాట ఒక వృద్ధుని మూడు వారాల కూలిని కాజేసింది. మాటకు బరువు లేదనుకొన్నాము. గాలికి లేదనుకొన్నట్లే.

చాచా మమ్మల్ని చూసి, ఏమీ జరగనట్లు, "బండి ఎలా ఉంది?" అని అడిగారు. తప్పు ఒప్పుకొన్నాము. ఆయన విని, "నాకు ఆనాడే తెలుసు కదా" అన్నారు. మీకు తెలిస్తే చాలదు, విన్నవారందరికీ తెలియాలి అని చెప్పి, జీపుల యజమాని ఇంటికి ఇద్దరమూ వెళ్ళాము. జరిగినదంతా దూదిపోగుతో సహా చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "చదువుకొన్నోళ్ళు గదా అని నమ్మేసినాను" అన్నాడు. ఆ మాటకంటె చెంపదెబ్బ తేలికగా ఉండేది. మరునాడు ఆయన జీపు ఒకటి షెడ్డు ముందు నిలిచి ఉండడం మేము కండ్లారా చూశాము.

విజ్ఞానయాత్రకని ఇద్దరమూ కూడబెట్టుకొన్న సొమ్ము కలిపి అసలు సెన్సర్ తెప్పించాము. బిగించే పని తాను చేయనని, మీ చేతులతోనే చేయండని చాచా పట్టుబట్టారు. బల్లమీద కూర్చుని ఒక్కొక్క అడుగూ చెప్పారు. ముందుగా బ్యాటరీ తీగ విప్పించారు. ఫిల్టర్ పెట్టెను తడిగుడ్డతో లోపలంతా తుడిపించారు. నకలు సెన్సర్ క్లిప్పును స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా వ్రేలితో నొక్కి విడదీయించారు. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన పిన్నులను శుభ్రం చేయించారు. క్రొత్త సెన్సర్‌పైన గాలి పోయే దిశ చూపే బాణపు గుర్తును చూపించి, అది ఇంజన్ వైపు తిరిగి ఉండేటట్లు అమర్చమన్నారు. రబ్బరు రింగు మడత పడలేదని వ్రేలితో తడిమి చూడమన్నారు. మరలు ప్లాస్టిక్కులోకి పోయేవి గనుక బిగువు తెలియగానే ఆపమన్నారు. సెన్సర్ దాటిన తరువాత గొట్టంలో ఎక్కడ చిల్లు ఉన్నా, లెక్కకు రాని గాలి దొంగదారిన లోపలికి పోతుందని, అప్పుడు ఎంత మంచి త్రాసైనా వృథాయేనని చెప్పి, గొట్టం పొడవునా సబ్బునీళ్ళతో తుడిపించి పగుళ్ళు వెదికించారు. చివరకు పాత సంకేతాలు చెరిపివేసి ఇంజన్ స్టార్టు చేయమన్నారు.

సెకనుకు 2.7 గ్రాములు, 2.8 గ్రాములు. అంకె అక్కడ నిలిచింది. ఆయాసం లేదు, దగ్గు లేదు. యాక్సిలరేటర్‌ను తాకగానే అంకె ఒక్కసారిగా పైకి ఎగిరి, కాలు తీయగానే తిరిగి వచ్చి తన స్థానంలో కూర్చున్నది. చాచా స్కానర్ వైపు చూడనేలేదు. తల ఒక ప్రక్కకు వంచి, వెనుకటి కార్బ్యురేటర్ రోజులలో వలె, ఇంజన్ శబ్దం విని, "ఠీక్" అన్నారు. కూలి ఎంతని అడిగితే, పని చేసినది మీరు కదా అన్నారు. బలవంతంగా ఇచ్చిన రెండువందలు తీసుకొని అందులోనుండే మాకు టీ తెప్పించారు. ఈసారి గ్లాసులు ఖాళీ చేశాము.

ఇక మిగిలినది అన్నయ్య. ఆయన ఓడ ఏ రేవులో ఉన్నదో తెలుసుకొని ఫోను చేశాము. కారు బాగున్నదని చెప్పి ఊరుకొనే అవకాశం మాకు ఉన్నది. అడిగినా ఎవరూ కనిపెట్టలేరు. అయినా ఎలుక రంధ్రం మొదలు రెండు సెన్సర్ల వరకు వరుసగా చెప్పాము. చాలాసేపు సముద్రపు హోరు తప్ప మరేమీ వినిపించలేదు. తరువాత ఆయన కోప్పడ్డాడు. న్యాయంగానే కోప్పడ్డాడు. ఫోను పెట్టేసే ముందు, "ఆ చాచాకు నా సలాము చెప్పండి" అన్నాడు. ఉగాదికి వచ్చినప్పుడు తాళం చెవి తిరిగి తీసుకొంటాడనుకొన్నాము. తీసుకోలేదు. కాని వచ్చిన రోజే పాకకు పోయి ఎలుకల బోను తానే పెట్టాడు.

తెగిన సెన్సర్‌ను మా అధ్యాపకులకు ఇచ్చివేశాము. ఇప్పుడది మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో గాజు బీరువాలో మీటరు బ్రిడ్జి ప్రక్కన ఉన్నది. దానిక్రింద అతికించిన అట్టముక్కమీద తెలుగులో ఒక ప్రక్క, ఉర్దూ విభాగపు మిత్రుని అందమైన దస్తూరీలో మరొక ప్రక్క, "గాలిని తూచే తీగ" అని వ్రాసి ఉన్నది. భూతద్దం పెట్టి చూస్తే దూదిపోగు ఇంకా కనిపిస్తుంది. తీగ ఎందుకు తెగినదో ఆ అట్టమీద వ్రాయడానికి చోటు చాలలేదు. అందుకే ఇక్కడ వ్రాశాము.